డిశ్చార్జ్ తర్వాత రికవరీ సెంటర్‌లో చేర్పిస్తున్నారా..? అడ్వాన్స్ కట్టే ముందు ఇవి చూసుకోండి

తుంటి ఎముక విరిగి సర్జరీ అయింది.. లేదా పక్షవాతం వచ్చి ఐసీయూ నుంచి బయటపడ్డారు. ఆస్పత్రి వాళ్లు 'ఇక డిశ్చార్జ్ చేసేస్తాం' అన్నారు. కానీ పేషెంట్ మంచం దిగలేరు. ముక్కులో ఫీడింగ్ ట్యూబ్ ఉంది. ఇంట్లో పగలూ రాత్రీ చూసుకునే మనిషి లేరు. ఇలాంటి వారి కోసమే హైదరాబాద్ లాంటి నగరాల్లో ట్రాన్సిషన్ కేర్, రిహాబ్ సెంటర్లు నడుస్తున్నాయి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆస్పత్రి. ఈ సెంటర్లు అవి కావు. వృద్ధాశ్రమాలూ కావు.

ఇక్కడ ఏం చేస్తారు?

నర్సులు టైమ్‌కు మందులు ఇస్తారు. ట్యూబులు, డ్రెస్సింగ్ చూస్తారు. ఫిజియోథెరపిస్ట్ కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నడిపించడం దశలవారీగా చేయిస్తారు. పక్షవాతం వచ్చిన వారికి మాట, మింగడం మళ్లీ అలవాటు చేసే థెరపీ కూడా అవసరం. సరిగ్గా మింగలేని వారికి తొందరపడి నోటితో తినిపిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు.

ఇన్సూరెన్స్ వస్తుందా?

చాలా కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. హెల్త్ పాలసీల్లో 'ఎక్స్‌క్లూజన్ 05' అనే షరతు ఉంటుంది. దాని ప్రకారం కేవలం విశ్రాంతి కోసం అడ్మిట్ అయితే క్లెయిమ్ రాదు. స్నానం, బట్టలు మార్చడం, నడిపించడం లాంటి సాయానికి అయ్యే ఖర్చూ రాదు. అది ఇంట్లో అయినా, నర్సింగ్ సెంటర్‌లో అయినా అంతే. పాలసీలో ప్రత్యేకంగా కవర్ ఉంటే తప్ప ఆ డబ్బు చేతి నుంచే పెట్టుకోవాలి.

అయితే పూర్తిగా ఆశ వదులుకోనక్కర్లేదు. ఆరోగ్య సంజీవని పాలసీలో డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల వరకు అదే జబ్బుకు సంబంధించిన వైద్య ఖర్చులకు కవర్ ఉంది. అందుకే మందులు, టెస్టులు, డాక్టర్ ఫీజుల బిల్లులను బెడ్ చార్జీలతో కలపకుండా విడిగా తీసుకోవాలి. డాక్టర్ రాసిన చీటీలు కూడా దాచుకోవాలి.

చేర్చే ముందు ఇవి అడగండి

* రాత్రి డ్యూటీలో క్వాలిఫైడ్ నర్సు ఉంటారా, ఆయాలేనా?
* డాక్టర్ రోజూ వస్తారా? ఎమర్జెన్సీ అయితే ఏ ఆస్పత్రికి పంపుతారు?
* ఫిజియోథెరపీ రోజుకు ఎంతసేపు? ప్యాకేజీలో ఉందా, ఎక్స్‌ట్రానా?
* మంచం మీదే ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారా? లేదంటే పుండ్లు పడతాయి.
* ముందే తీసుకెళ్తే అడ్వాన్స్ వెనక్కి ఇస్తారా? రాతపూర్వకంగా ఇస్తారా?

ఒకసారి సాయంత్రం పూట చెప్పకుండా వెళ్లి చూస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీ, ప్రస్తుతం వాడుతున్న మందుల లిస్ట్ సెంటర్ వాళ్లకు తప్పకుండా ఇవ్వాలి. ఆస్పత్రిలో ఆపేసిన మందు ఇక్కడ మళ్లీ మొదలైతే ప్రమాదం.

పేషెంట్ పట్టుకుంటే నడవగలిగి, నోటితో తినగలిగి, ఇంట్లో తోడు ఉంటే ఇంటికే ఫిజియోథెరపిస్ట్‌ను పిలిపించుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. ఖర్చు చాలా వరకు తగ్గొచ్చు.

క్లెయిమ్ విషయంలో ఇన్సూరెన్స్ కంపెనీ స్పందించకపోతే ఐఆర్‌డీఏఐ టోల్ ఫ్రీ నంబర్ 155255కు, వృద్ధులకు సాయం, సమాచారం కోసం ఎల్డర్‌లైన్ 14567కు కాల్ చేయొచ్చు.