పదో బెడ్ మీది లివర్: నర్సింగ్ బృందాల్లో వ్యక్తి కేంద్రిత సంస్కృతి

1950ల చివర లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రి చిక్కులో పడింది. విద్యార్థి నర్సులను ఏ వార్డుకు ఎప్పుడు పంపాలో తేల్చే ఏర్పాటు కుప్పకూలేలా ఉంది. చేరినవాళ్లలో మూడోవంతు మంది శిక్షణ పూర్తికాకుండానే వెళ్లిపోతున్నారు. కారణం వెతకమని టావిస్టాక్ సంస్థకు చెందిన మనోవిశ్లేషకురాలు ఇజబెల్ మెంజీస్‌ను పిలిచారు. 1960లో వెలువడిన ఆమె పరిశోధన ఈనాటి చర్చకు కూడా పునాదిగా పనికొస్తుంది.

ఆమె చూసిన వార్డుల్లో ఏ నర్సుకూ కొందరు రోగుల బాధ్యత మొత్తంగా అప్పగించేవారు కాదు. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను వార్డంతటికీ చేయించేవారు. ఒక రోగితో కాస్త దగ్గరితనం ఏర్పడేసరికి ఆ నర్సును ఇంకో వార్డుకు మార్చేసేవారు. రోగికి పేరుండేది కాదు; పదో బెడ్ మీద ఉన్నది ఒక లివర్, పదిహేనో బెడ్ మీద ఉన్నది ఒక న్యుమోనియా. నిద్రపోతున్న రోగిని లేపి మరీ నిద్రమాత్ర మింగించేవారు, ఆ వేళకు ఆ పని జరిగిపోవాలి కాబట్టి. చిన్న నిర్ణయానికైనా పైవాళ్ల అనుమతి కావాలి.

ఇదంతా నర్సుల రాతిగుండె వల్లేనని మెంజీస్ అనలేదు. చావునూ నొప్పినీ రోజూ ఎదుర్కొనే యువతుల భయాన్ని తట్టుకోవడానికి, నర్సుకూ రోగికీ మధ్య సంస్థే తనకు తెలియకుండా ఒక అడ్డుగోడ కట్టుకుందన్నారు. ఆ గోడ భయాన్ని తగ్గించలేదు సరికదా, పనిలో దొరకాల్సిన తృప్తిని కూడా దూరం చేసింది. మానేసినవారిలో మంచి సమర్థులు ఉండటం ఆమెను ప్రత్యేకంగా ఆలోచింపజేసింది.

మన ఆసుపత్రుల్లో ‘ఆ సిజేరియన్ కేసు’, ‘మూడో బెడ్ షుగర్ పేషెంటు’ అనే పిలుపులు ఇప్పటికీ మామూలే. విరుగుడుగా నర్సులకు మర్యాద మీద ఒక క్లాసు పెట్టి, గోడకు పోస్టరు అంటిస్తే చాలదు. లోపం మాటతీరులో కన్నా ముందు పని పంపకంలో ఉంది.

ఉత్తర ఐర్లాండ్‌లో బ్రెండన్ మెక్‌కార్మాక్, తాన్యా మెక్‌కాన్స్ 2006లో ప్రతిపాదించిన, రోగిని కేసుగా కాక మనిషిగా చూసే వ్యక్తి కేంద్రిత నర్సింగ్ నమూనా ఈ సంగతిని గట్టిగా పట్టుకుంది. నర్సుకు నైపుణ్యం, మాట నేర్పు, తన విలువల పట్ల స్పష్టత ఉండాలని అది చెబుతుంది. వెంటనే పని వాతావరణానికి వస్తుంది: సరైన సిబ్బంది కూర్పు, కలిసి నిర్ణయించే పద్ధతి, అధికారం పంచుకోవడం. సిబ్బందిని కూడా మనుషులుగా చూడాలన్నది ఈ ఆలోచనలో విడదీయలేని భాగం. తన మాటకు విలువ లేని చోట నర్సు రోగి మాటకు ఎంతకాలమని విలువ ఇవ్వగలదు?

నెదర్లాండ్స్‌లో ఈ ప్రశ్నకు ఆచరణలో జవాబు దొరికింది. అక్కడ ఇళ్లకు వెళ్లి చేసే సేవలను పెద్ద సంస్థలు నిమిషాల లెక్కన ముక్కలు చేశాయి; ఒకే ముసలామె ఇంటికి ఇంజెక్షన్‌కు ఒకరు, స్నానానికి ఇంకొకరు వచ్చేవారు. స్వయంగా నర్సు అయిన యోస్ డె బ్లోక్ 2006లో నలుగురితో బ్యూర్ట్‌జోర్గ్ సంస్థను మొదలుపెట్టారు. ఒక్కో బృందంలో పన్నెండుమందికి మించి ఉండరు, మేనేజరూ ఉండడు. డ్యూటీలు, నియామకాలు, రోగి అవసరాల అంచనా అన్నీ నర్సులే చూసుకుంటారు. సలహాకు కోచ్ ఉంటారు, ఆజ్ఞాపించే అధికారం మాత్రం ఉండదు. ఈ పద్ధతి దేశమంతటా వేల మంది నర్సులకు విస్తరించింది. ఇంటి సేవల ఖర్చు తగ్గిందని, ఆసుపత్రి ఖర్చులు కూడా కలిపితే మొత్తం ఖర్చు దేశ సగటుకు దగ్గరగానే ఉందని 2015లో కన్సల్టింగ్ సంస్థ కేపీఎంజీ విశ్లేషణ తేల్చింది. అయినా రోగుల సంతృప్తి ఎక్కువ. నా దృష్టిలో అదే పెద్ద ఫలితం.

మన దగ్గర కూడా ఈ దిశలో ఒక ప్రయత్నం జరిగింది. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి తోడ్పాటుతో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన అయినవాళ్లను ఉండనివ్వడం, ఆమెను లేచి తిరగనివ్వడం, అనవసరమైన కోతలు మానడం ఇందులో ముఖ్యం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ఇవే చెప్పాయి.

శిక్షణ పొంది లేబర్ రూమ్‌కు తిరిగి వెళ్లిన ఆ సిస్టర్ల అనుభవాన్ని అధ్యయనం చేసేవారు ముందుగా డ్యూటీ రోస్టర్ తెరిచి చూడాలి. ఒక తల్లి దగ్గర కాన్పు అయ్యేదాకా ఒకే మిడ్‌వైఫ్ ఉండగలుగుతున్నదా, సహజ కాన్పు విషయంలో ఆ మిడ్‌వైఫ్ నిర్ణయం నిలుస్తున్నదా, తనను మధ్యలో వేరే వార్డుకు పంపేస్తున్నారా అన్నవి అక్కడే తేలుతాయి.