మడిగె నుంచి మాల్ దాకా: మా వరంగల్ బజారు కథ

వరంగల్ చరిత్ర గురించి ఎవర్నడిగినా వేయిస్తంభాల గుడి, కోట, రుద్రమదేవి, రామప్ప.. అక్కడితో బండి ఆగిపోతుంది. 1323లో ఢిల్లీ సైన్యం ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుపోయిన రోజు పడుకున్న ఊరు, మళ్లీ స్మార్ట్ సిటీ జాబితాలో పేరొచ్చిన రోజు లేచినట్టు మాట్లాడతాం మనం. మధ్యలో ఏడొందల ఏళ్లు జనం బియ్యం ఎక్కడ కొన్నారు, పెళ్లి బట్టలు ఎక్కడ తీసుకున్నారు, ఎవరి దగ్గర ఉద్దెర పెట్టారు.. ఇవేవీ చరిత్ర కావా?

నన్నడిగితే అసలు చరిత్ర అదే. రాజు మారితే శాసనంలో పేరు మారుతుంది. బజారు మారితే ఊరే మారుతుంది. అందుకే ఈసారి గుడి, కోట పక్కన పెట్టి స్టేషన్ నుంచి చౌరస్తా, జేపీఎన్ రోడ్డు, మండిబజార్, పోచమ్మమైదాన్, ఎంజీఎం మీదుగా హన్మకొండ చౌరస్తా దాకా ఒక చక్కర్ కొడదాం. (బయటివాళ్ల కోసం: వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లు కలిసి ఒకే ఊరైపోయాయి. ఎక్కడ ఏది మొదలవుతుందో ఆటోవాళ్లకే తెలుసు. 2021లో హనుమకొండని వేరే జిల్లా చేశారు కాబట్టి ఇప్పుడు మా ఊళ్లో ఒక జిల్లాలో చెప్పులు కొని ఇంకో జిల్లాలో టీ తాగొచ్చు :))

ముందు ఒక మాట గురించి చెప్పాలి. మడిగె. మా వైపు షాపు గదిని మడిగె అంటారు. "రోడ్డు మీద రెండు మడిగెలున్నయ్" అంటే ఆ ఇంటికి పిల్లనివ్వొచ్చు అని అర్థం. ఇదేదో మొరటు మాట అనుకుంటారు గానీ కాకతీయుల కాలపు పన్నుల్లో మడిగ సుంకం అని ఒకటి కనిపిస్తుంది. అంగళ్ల మీద వేసే పన్ను. అంటే ఈ మాట వయసు ఎనిమిది వందల ఏళ్ల పైమాటే. వేయిస్తంభాల గుడి 1163 నాటిది. దానికి కంచె ఉంది, మడిగెకి ఏమీ లేదు.

ఆ కాలపు బజారు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే క్రీడాభిరామం ఉంది. రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అనే గొడవ పండితులకి వదిలేద్దాం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. అంతే కథ. రూక ఇస్తే కడుపు నిండా కమ్మటి భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు అందులో ఉంది. తెలుగులో ఒక ఊరి బజారు గురించి ఇంత వివరంగా రాసిన పాత పుస్తకం నాకు తెలిసి ఇంకోటి లేదు. విచిత్రం ఏంటంటే, ఆరొందల ఏళ్ల క్రితం ఓరుగల్లులో భోజనం రేటు మనకి తెలుసు. 1950లో స్టేషన్ రోడ్డు హోటల్లో ప్లేటు ఇడ్లీ ఎంతో చెప్పమంటే పెద్దవాళ్ల జ్ఞాపకాలే దిక్కు.

సరే, ఆ బజారు కోట చుట్టుపక్కల ఉండాలి కదా, ఇప్పుడు స్టేషన్ దగ్గరికి ఎలా వచ్చింది? రైలు వచ్చింది కాబట్టి. సికింద్రాబాద్ నుంచి పట్టాలు 1886లో వరంగల్ చేరాయి. 1889కి బెజవాడ దాకా పోయాయి. 1929కి కాజీపేట-బల్లార్షా లైను కూడా పూర్తయ్యేసరికి ఢిల్లీ, మద్రాసు, హైదరాబాద్ మూడు దిక్కులకీ సరుకు ఎక్కించే ఊరు అయిపోయింది. అప్పటికి వరంగల్‌కి వ్యాపారం కొత్తేం కాదు. ఇక్కడ నేసిన తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకి వెళ్లాయి. కానీ ఒక తివాచీ ఎడ్లబండి మీద పోవడం వేరు, పత్తి బేళ్లు వ్యాగన్లలో పోవడం వేరు.

రైలు వల్ల పుట్టిన భవనం ఒకటుంది. అడ్తి దుకాణం. ముందు అరుగు, అరుగు మీద కాటా, వెనక గోదాం, పైన సావుకారి కాపురం. షట్టర్ల కాలం కాదు కాబట్టి చెక్క పలకల తలుపులు. పొద్దున ఒక్కొక్క పలక తీసి పక్కన పేర్చుకోవడం, రాత్రి మళ్లీ వరసగా బిగించుకోవడం. రైతు బండి మీద సరుకు తెస్తాడు, అడ్తిదారు తూకం వేయించి అమ్మిపెడతాడు, తన కమీషన్ పట్టుకుంటాడు, విత్తనాలకి ఇచ్చిన అప్పు వడ్డీతో సహా పట్టుకుంటాడు, మిగిలింది (మిగిలితే!) రైతు చేతిలో పెడతాడు. ఆ మిగిలిన డబ్బుతోనే రైతు పక్క వీధిలో బట్టలు, ఉప్పు, ఇనుప సామాను కొనుక్కుని ఊరికి పోతాడు. మండిబజార్, బట్టల బజార్, బీట్ బజార్ అని బజార్లు ఒకదాని పక్కన ఒకటి ఎందుకున్నాయో ఇప్పుడర్థమైంది కదా. అది రైతు నడిచే దారి.

తర్వాత పత్తి, మిర్చి అమ్మకాలు ఊరి బయట ఎనుమాముల మార్కెట్ యార్డుకి పోయాయి. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. గొప్పే. కానీ రైతు నడిచే దారి మారిపోయింది. అరుగులు ఖాళీ అయ్యాయి. అడ్తి దుకాణం గోదాం చెప్పుల షాపయింది, కాటా ఉన్న చోట సెల్ ఫోన్ రీచార్జి బల్ల వచ్చింది. పేరు మాత్రం అదే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే వేరియబుల్ పేరు మార్చకుండా లోపల విలువ మాత్రం మార్చేశారన్నమాట. కొత్తగా చూసేవాడికి తలా తోకా అర్థం కాదు.

రెండో పెద్ద మలుపు అజంజాహి మిల్లు. 1934లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద పెట్టించాడు. చుట్టూ పత్తి పండే నేల, పక్కనే రైలు. ఇంతకన్నా ఏం కావాలి? మిల్లు సైరనే ఊరికి గడియారం అని మా నాయిన అంటుండేవాడు. బజారుకి మిల్లు వల్ల వచ్చిన లాభం ఏంటంటే నెలజీతం. రైతు డబ్బు పంటకోసారి వస్తుంది, కార్మికుడి డబ్బు నెలనెలా వస్తుంది. ఉద్దెర ఖాతా అనేది బలపడింది అక్కడే. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకంలో పేరు రాసుకోవడం, జీతాల రోజు కొంత కట్టి మళ్లీ కొత్తగా రాయించుకోవడం. పూర్తిగా తీర్చేస్తే సేటుకే నచ్చదు, గిరాకీ పక్క కొట్టుకి పోతాడని భయం :)

1974లో మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి పోయింది. 2002లో మూతపడింది. ఒక మిల్లు మూతపడితే కార్మికుల గురించి వార్తలొస్తాయి. వాళ్ల పేర్లు రాసుకున్న ఆ ఎర్ర పుస్తకాల గురించి ఎవరు రాస్తారు? బాకీలు వసూలు కాక ఎత్తేసిన కిరాణా కొట్టు ఏ లెక్కలోనూ ఉండదు. అదే జిల్లాలో 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకి శంకుస్థాపన జరిగింది. మంచిదే, పని దొరికితే చాలు. కానీ బట్టల మిల్లు ఊరి నడిబొడ్డు నుంచి గీసుగొండ, సంగెం వైపు పోయింది కాబట్టి ఆ జీతం డబ్బు పాత బజారుకి వస్తుందన్న గ్యారంటీ ఏం లేదు.

మూడో మలుపు చదువులు. 1959లో నెహ్రూ వచ్చి ఆర్ఈసీకి (ఇప్పుడు నిట్) శంకుస్థాపన చేశాడు. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ. 1976లో కాకతీయ యూనివర్సిటీ. అన్నీ హన్మకొండ, కాజీపేట వైపే. సుబేదారి అన్న పేరులోనే ఉంది, నిజాం కాలంలో సుబేదారు ఉన్న చోటు, ఆఫీసులన్నీ అటే. ఆఫీసులున్న చోట జీతగాళ్లు, కాలేజీలున్న చోట హాస్టల్ పిల్లలు. వీళ్లకి బస్తా బియ్యం అక్కర్లేదు. జిరాక్సు, మెస్సు, టైపు ఇన్‌స్టిట్యూట్, తర్వాత కంప్యూటర్ కోచింగ్, ఆ తర్వాత జీఆర్ఈ కోచింగ్, ఫోటో స్టూడియో, సూట్‌కేసు షాపు. హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా బోర్డులు వరసగా చదువుకుంటూ పోతే మధ్యతరగతి పిల్లాడి జీవిత చరిత్ర మొత్తం తెలుస్తుంది. నాలాంటి వాళ్లం ఆ వరసలోంచే వచ్చాం.

బయటికి పోయిన పిల్లలు పంపిన డబ్బే మళ్లీ వచ్చి ఆ రోడ్డు మీద నాలుగో మలుపు తిప్పింది. అద్దాల బిల్డింగులు. ఇదెలా జరుగుతుందో దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెప్తాను. తాత కట్టిన మడిగె ఇరవై అడుగులు. ఇద్దరు కొడుకులు, పదీ పదీ. మనవల దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కరికి బల్ల వేసుకునేంత. ఈలోపు అందులో ఎప్పుడో పగిడీ ఇచ్చి చేరిన కిరాయిదారు ఉంటాడు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పుణ్యమా అని ఖాళీ చేయించడం అంత సులువు కాదు, కిరాయి పెంచడమూ సులువు కాదు. కిరాయి రాదు కాబట్టి ఓనరు సున్నం కూడా వేయించడు. గోడ నాని పెచ్చులూడుతుంది. అప్పుడు రోడ్డు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీ వాళ్లు ముందు గోడ మీద ఎర్ర రంగుతో గీత గీస్తారు. అరుగూ ముందు వసారా పోయాక మిగిలింది దేనికీ పనికిరాదు. అందరూ కలిసి బిల్డరుకి ఇచ్చేస్తారు. ఏడాదిలో సెల్లారుతో సహా కాంప్లెక్సు లేస్తుంది. ఇందులో విలన్ ఎవరూ లేరు. ఎవరికి వాళ్లు తెలివైన పనే చేశారు. అన్ని తెలివైన పనులూ కలిస్తే మాత్రం వీధి మాయమైపోయింది.

ఆ సెల్లార్ల సంగతి కూడా చెప్పుకోవాలి. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన ఊరు ఇది. ఒక చెరువు నిండితే నీళ్లు కింది చెరువుకి పోవాలి. ఆ నీళ్లు పోయే నాలా పక్కన, కొన్ని చోట్ల నాలా మీదే, బజారు పెరిగింది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్ వైపు రోడ్లు మునిగితే అందరూ ఆశ్చర్యపోయారు. నీళ్లకి పాత దారి గుర్తుంది, మనకే లేదు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. పాత బజారు అందరి బజారు కాదు. ఏ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడాలో కులమే చెప్పేది. బట్టల షాపులో మనిషి వాలకం చూసి చీర చూపించేవాళ్లు. "అది మీకు ఎక్కువైతది అమ్మా, ఇది చూడుండ్రి" అనేవాళ్లు. మా అమ్మకి మాల్ అంటే ఇష్టం. రేటు చీటీ మీద ఉంటుంది, పది చీరలు ముట్టుకుని చూసి కొనకుండా వచ్చినా ఎవడూ మొహం మాడ్చుకోడు. ఆ మర్యాద చిన్న విషయం కాదు. కాబట్టి పాతదంతా బంగారం, కొత్తదంతా ఇత్తడి అనే పాట నేను పాడను.

నా బాధ వేరే. 2021 జూన్‌లో, ఎంజీఎం నుంచి హన్మకొండ పోయే దారిలో ఉన్న నిజాం కాలం నాటి సెంట్రల్ జైలుని ఖాళీ చేసి కూల్చేశారు. ఆ జైల్లో ఖైదీలు నేసిన జంపఖానాలు మా ఇళ్లల్లో పెళ్లిళ్లకి పరిచేవాళ్లు. అక్కడ 24 అంతస్తుల ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. సరిగ్గా ఆ తర్వాతి నెలలో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. ఊరంతా స్వీట్లు పంచుకున్నాం. ఆస్పత్రి వద్దని నేననడం లేదు, ఎంజీఎంలో మంచం దొరక్క కింద పడుకున్న రోగుల్ని చూసినవాడెవడూ అనలేడు. మిల్లు విషయమూ అంతే. దాన్నీ కూల్చారు, స్థలంలో కొంత ప్లాట్లయింది, కొంత కొత్త కలెక్టరేట్‌కి పోయింది. కలెక్టరేట్ కూడా కావాల్సిందే. కానీ ఎనిమిదొందల ఏళ్ల రాయి అయితే వారసత్వం, ఎనభై ఏళ్ల ఇటుక అయితే చెత్త అనే లెక్క నాకు మింగుడు పడదు. ఇవాళ ఎనభై ఏళ్లది కూలిస్తే రేపు ఎనిమిదొందల ఏళ్లది ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాత మడిగెలన్నీ కాపాడాలని నేనడగను. అది జరగదు, జరగక్కర్లేదు కూడా. ప్రోగ్రాములో పాత కోడు తీసేస్తాం, తీసేముందు ఒక కాపీ పెట్టుకుంటాం. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రెండు ముక్కలు రాస్తాం. బజారుకి కూడా ఆ మాత్రం చేయలేమా? గోడ మీద ఎర్ర గీత పడ్డ రోజున ఒక ఫోటో. పాత బోర్డు, పైనున్న ఉర్దూ అక్షరాలతో సహా. అటక మీద ఉద్దెర పుస్తకం దొరికితే తూకానికి వేసేముందు నాలుగు పేజీలు స్కాను. 1904 నుంచి హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది. పుస్తకాలు కాపాడ్డానికి మన ముత్తాతలు చందాలు వేసుకున్న ఊరు ఇది. మనం ఫోన్లో కెమెరా పెట్టుకుని అది కూడా చేయకపోతే ఎలా?

ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు నేను చేయబోయే పని ఒకటే. చౌరస్తా దగ్గర ఇంకా మిగిలిన చెక్క పలకల తలుపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఒక్కో కొట్టు ఎప్పుడు పెట్టారో అడిగి రాసుకోవడం. మీ ఇంట్లో పాత బిల్లులు, దుకాణాల పేర్లున్న క్యాలెండర్లు, బజారులో దిగిన ఫోటోలు ఉంటే పారేయకండి. వెనక ఏడాది రాసి పెట్టండి.