తెర మీద ఎదిగిన పిల్లలు

మన ఉగాది సంచికలో కావ్యాలను గురించి, క్షేత్రాలను గురించి వ్రాయగల పెద్దలున్నారు. నేను రైల్వే గుమాస్తాను. చదువు మెట్రిక్‌తో ఆగినది. నాకు కాస్త తెలిసినది సినిమా. అందులోనూ ఒక చిన్న తెగను గురించి మాత్రమే మనవి చేస్తాను. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా, స్టూడియో గోడలు దాటి, పసితనం వీడి పెద్దరికంలో కాలుపెట్టే పిల్లల కథలను కొందరు తీసినారు. ఆ చిత్రాలలో ఒక రకమైన వెలుగు, ఒక రకమైన నిదానం వుంటవి. అది దర్శకుల షోకు అని కొందరంటారు. చరిత్ర చూస్తే సగం లేమిలోనుంచి వచ్చినదని నాకు తోస్తుంది.

సత్యజిత్ రాయ్ గారు ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. కంపెనీ పనిమీద 1950లో లండను వెళ్ళి, అక్కడ ఇటలీవారి ‘బైసికిల్ థీవ్స్’ చూసినారు. వీధులలో, మామూలు మనుషులతో బొమ్మ తీయవచ్చునని ధైర్యం వచ్చినది. 1952 అక్టోబరు 27న ‘పథేర్ పాంచాలీ’ షూటింగు మొదలు. అక్క దుర్గ, తమ్ముడు అపు రెల్లుపూల మధ్య నడిచే ఘట్టం. వారం తరువాత మళ్ళీ వెళ్ళేసరికి పశువులు ఆ రెల్లు కాస్తా మేసివేసినవి! మళ్ళీ పూచేవరకు ఆగవలసి వచ్చినది. డబ్బు లేక పని పలుమార్లు నిలిచినది. ఇందులో ఒక చమత్కారమున్నది. ఎదిగే పిల్లల కథ తీస్తూ, ఈలోగా పిల్లలు నిజంగానే ఎదిగిపోతారేమోనని ఆయన భయపడినారు. అపు గొంతు మారకపోవడం, దుర్గ పెద్దదిగా కనబడకపోవడం, ముసలమ్మ వేషం వేసిన చునీబాలా దేవి బ్రతికి వుండడం తన అదృష్టాలని తరువాత చెప్పుకొన్నారు. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సొమ్ము ఇచ్చినది. పేరులో ‘పథం’ వున్నది గదా, లెక్కలలో దానిని రోడ్ల అభివృద్ధి పద్దు క్రింద చూపినారు. పద్దులతో బ్రతికే మాబోటివారికి ఇంతకంటె కమ్మని కథ వుండదు. చిత్రం 1955లో విడుదలయినది.

తరువాతి బొమ్మ ‘అపరాజితో’, 1956. కాశీలోని ఇంటిని కలకత్తా స్టూడియోలో కట్టినారు. నడవా ఇంటిలో పైనుంచి పడే ఆకాశపు వెలుగు మన మండువా ఇండ్లలో పుట్టినవారికి తెలుసు. నీడ గట్టిగా పడదు. మొహాలు మెత్తగా కనబడతవి. స్టూడియో దీపాలు తిన్నగా కొడితే అది రాదు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టుపైన గుడ్డ పరచి, దీపాలను దానిమీదికి త్రిప్పి, అక్కడనుంచి మరలి వచ్చే వెలుగులో తీసినారు. ఇటువంటి చిత్రాల మెత్తని వెలుతురుకు తల్లివేరు ఆ గుడ్డలో వున్నదంటే అతిశయోక్తి కాదు.

1959లో పారిస్‌లో ఫ్రాన్స్వా త్రూఫో ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ తీసినారు. ఇంటా బడిలో ఇమడలేని పిల్లవాడు చివరకు సముద్రం వరకు పరుగెత్తి, వెనుదిరిగి చూస్తాడు. ఆ చూపు మీద బొమ్మ నిలిచిపోతుంది. వాడేమవుతాడో చెప్పరు.

మా పెద్దమ్మాయికి పదమూడేళ్ళు. ఇటువంటి సినిమా ఒకటి చూస్తూ, ‘ఇందులో ఏమీ జరగదేం నాన్నా?’ అన్నది. నిజమే, ఫైటింగులు లేవు, తీర్పులు లేవు. గడప దగ్గర నిలబడి పెద్దల మాట సగం వినడం, సాయంకాలం ఊరిబయట కూర్చొనడం, ఎవరికోసమో ఎదురుచూడడం. ఆ వయసులో జరిగేవి అవే గదా! పెద్దలు అర్థం చెప్పకుండా దాటవేసే చోటనే కెమేరా ఆగి చూస్తుంది. నాకు నచ్చేది అదే.

తెలుగులో ఈ తోవన వచ్చిన చిత్రం ‘వనజ’, 2006. రజనేష్ దోమలపల్లి అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతూ తీసిన సిద్ధాంతచిత్రం అది. పేద జాలరి కూతురు వనజ, కూచిపూడి నేర్చుకోవాలన్న ఆశతో జమీందారిణి ఇంట పనికి కుదురుతుంది. ఆ ఇంటి కుమారుడు ఆమెకు చేసిన అపచారంతో బాల్యం ముగిసిపోతుంది. వనజగా వేసిన మమత భూక్యకు పూర్వం నటనానుభవం లేదు. 2007 బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ తొలిచిత్రంగా బహుమతి వచ్చినది. మన ఊళ్ళలో ఎందరు చూసినారు?

‘కేరాఫ్ కంచరపాలెం’ అట్లా కాదు, 2018లో మనవారు బాగానే చూసినారు. దర్శకుడు వెంకటేశ్ మహా. నిర్మాత పరుచూరి ప్రవీణ, వృత్తిరీత్యా అమెరికాలో వైద్యురాలు. విశాఖలోని ఆ పేటలోనే తీసి, ఎక్కువమంది ఆ పేటవారిచేతనే వేషాలు వేయించినారు. మాటలను అక్కడికక్కడే పట్టినారు. బడిపిల్లవాడు సుందరం, పడుచువాడు జోసెఫ్, నడివయసు గడ్డం, పెళ్ళికాని నలభైతొమ్మిదేళ్ళ అటెండరు రాజు: ఈ నలుగురి కథల ముడి చూడనివారికి నేను విప్పను. ఎదగడం పదహారేళ్ళతో తీరే పని కాదని ఆ ముడిలో వున్నది.

నాకు అందులో గుండె పట్టుకొన్నది మాటతీరు. అది మన వంశధార ఒడ్డున వినబడేదే. పూర్వం సినిమాలలో ఆ యాస నవ్వించడానికే పనికివచ్చేది. ఇక్కడ ప్రేమించడానికి, ఏడవడానికి పనికివచ్చినది. బడిలో ఒడియా, ఇంట తెలుగు, సంతలో సవర వింటూ పెరిగే మన గుణుపురం పిల్లలు తమ మాటకు సిగ్గుపడనక్కరలేదని తెర మీద చూచుట చిన్న సంగతి కాదు. వాడుకభాషకై పోరాడి, సవరభాషను గ్రంథస్థం చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పని చేసిన పర్లాకిమిడి కూడ మన రైలుదారిలోనిదే.

ఆ దారి 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి వరకు రెండడుగుల ఆరంగుళాల పట్టాలతో వచ్చినది. 1931లో గుణుపురం చేరినది. 2004లో చిన్నబండి ఆగిపోయి, 2011లో పెద్దలైను బండి వచ్చినది. మధ్య ఏడేండ్లలో ఇక్కడ పెరిగిన పిల్లలకు ఊళ్ళో రైలే లేదు. అపు పరుగెత్తి చూసిన రైలు వంటిది మనకూ వుండేది. నేను చూసిన కథాచిత్రాలలో అది ఎక్కడా లేదు.

మా అమ్మాయి, స్నేహితురాండ్రు కలసి ఫోనుతో ఆ చిన్నబండి మీద ఒక చిన్న చిత్రం చేయబూనినారు. ఫొటోలు కొన్ని దొరికినవి, కూత దొరకలేదు. ఎవరింటనైనా పాత పెళ్ళి కేసెట్లలో స్టేషను ఘట్టం, ఆ చప్పుడుతో సహా వున్నచో, సంఘం వారికి అందజేయ ప్రార్థన. నకలు తీసుకొని భద్రంగా తిరిగి ఇస్తాము.