మొలకలలో దాగిన ముప్పు

వండిన ఆహారమునకు అగ్ని రక్షణ కలదు. పచ్చిగా తిను కూరగాయలకు ఆ రక్షణ లేదు. పొలములోని ఎరువు, పారించిన నీరు, కోసిన చేతులు - వీనిలో ఏ ఒక్కటి మలినమైనను ఆ మాలిన్యము నేరుగా విస్తరిలోనికి చేరును. 2011లో జర్మనీ దేశము ఈ సంగతిని ఎంతో నష్టపడి తెలిసికొనెను.

1885లో థియొడార్ ఎషెరిక్ అను వైద్యుడు శిశువుల మలమును పరీక్షించి ఒక బాక్టీరియాను వర్ణించెను. తరువాత దానికి ఆయన పేరుననే ఎషెరీషియా కోలి అను పేరు వచ్చెను. ఇది మానవుల ప్రేవులలో సహజముగా నివసించును. దీని రకములలో అధికభాగము హాని చేయవు. కాని కొన్ని రకములు 'షీగా విషము'ను పుట్టించును. ఆ విషము సన్నని రక్తనాళములను దెబ్బతీసి, మూత్రపిండములను పాడుచేయును. అట్టి రకమొకటి 1982లో అమెరికాలో సరిగా ఉడకని మాంసము తిన్నవారిలో బయటపడెను. 1996లో జపానులోని సకాయి నగరమున వేలకొలది బడిపిల్లలు జబ్బుపడగా, ముల్లంగి మొలకలపై అనుమానము కలిగెను.

2011 మే 19న హాంబర్గు నగరమునుండి రాబర్ట్ కాక్ సంస్థకు ఒక వార్త అందెను. ముగ్గురు పిల్లలకు మూత్రపిండములు చెడినవని దాని సారాంశము. కొలది దినములలోనే రోగుల సంఖ్య వందలకు పెరిగెను. సాధారణముగా చిన్నపిల్లలకు వచ్చు ఈ జబ్బు ఈసారి పెద్దవారికి, అందునను స్త్రీలకు ఎక్కువగా వచ్చుట వైద్యులను ఆశ్చర్యపరచెను.

మే 26న హాంబర్గు అధికారులు స్పెయిను నుండి వచ్చిన కీరదోసకాయలే కారణమని ప్రకటించిరి. వానిపై షీగా విషమును పుట్టించు బాక్టీరియా కనబడిన మాట నిజమే. కాని రోగులలోని రకము వేరని మే 31న తేలెను. అప్పటికే రైతుల పంటలు కొనువారులేక కుళ్ళిపోయెను. నష్టపడిన ఐరోపా రైతులకు 21 కోట్ల యూరోల పరిహారము కేటాయింపవలసి వచ్చెను.

ఏమి తింటిరని అడుగగా రోగులు టొమాటో, కీరదోస, ఆకుకూరలు అని చెప్పిరి. మొలకలను జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు నలుగురిలో ఒక్కరే. అలంకారముగా చల్లిన పిడికెడు మొలకలు ఎవరికి గుర్తుండును? అందుచే శాస్త్రజ్ఞులు తిన్నవారి జ్ఞాపకమును నమ్ముట మాని, వండినవారిని అడిగిరి. ఒక భోజనశాలకు వచ్చిన పది బృందములవారు ఏ వంటకములు కోరిరో, వానిలో ఏ పదార్థములు పడినవో వివరముగా వ్రాసికొనిరి. మొలకలున్న వంటకము అందినవారికి జబ్బువచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు 14 రెట్లు అధికమని తేలెను. ఆ మొలకల జాడ పట్టుకొని పోగా, దిగువ సాక్సనీలోని ఒక క్షేత్రము కనబడెను. సరఫరా వివరములు దొరికిన 41 రోగిసమూహములును ఆ క్షేత్రముతో ముడిపడియుండెను. జూన్ 10న ఈ సంగతి ప్రకటింపబడెను. తరువాత ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతమునను ఇదే జబ్బు కనబడెను. రెండుచోట్లను మొలకెత్తించినవి ఈజిప్టు నుండి వచ్చిన మెంతులే. ఆ గింజలపై మాత్రము బాక్టీరియా పరీక్షలలో దొరకలేదు. తీర్పు చెప్పినది ఓపికగా వేసిన లెక్కలే.

మొలకలే ఏల ప్రమాదకరము? గింజపై పగుళ్ళలో దాగిన బాక్టీరియా కడిగినను పూర్తిగా పోదు. మొలకెత్తుటకు కావలసిన వెచ్చదనము, తేమ దానికిని అనుకూలమే. అనువైన స్థితిలో అది సుమారు 20 నిమిషములకొకసారి రెండగును. ఆ వేగమున సాగినచో ఒక్క కణము 8 గంటలలో కోటి 67 లక్షలు దాటును.

జులై 26న జబ్బు అంతమైనట్లు ప్రకటించునాటికి జర్మనీలో సుమారు 3,800 మంది జబ్బుపడిరి. 50 మందికి పైగా మరణించిరి. తెలుగువారి ఇండ్లలోను పెసలు, మెంతులు మొలకెత్తించుట వాడుకే. ఆ మొలకలను బాగుగా ఉడికించి తినుట అన్నిటికంటె క్షేమము. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు పచ్చి మొలకలను మానుట మంచిది.