స్థానిక విద్యార్థి ఎవరు? ముల్కీ నుంచి నాలుగేళ్ళ చదువు వరకు

1. ప్రవేశిక

చెన్నూరు నుంచి తూర్పుగా వెళితే ప్రాణహిత నది వస్తుంది. అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతం ఉంది. ఒకప్పుడు ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం, అవతలి ఒడ్డు బ్రిటిష్ పాలన. రెండు వైపులా తెలుగు మాట్లాడేవారున్నారు. ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. మొదటి అమ్మాయి సిరొంచలో పుట్టి, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు చెన్నూరులో మేనమామ ఇంట్లో ఉండి చదివింది. రెండో అమ్మాయి చెన్నూరులోనే పుట్టి, పదో తరగతి వరకు అక్కడే చదివి, ఇంటర్ మాత్రం విజయవాడలో పూర్తిచేసింది. తెలంగాణలో వైద్య కళాశాల సీటుకు వీరిలో ఎవరు స్థానికులు? ఈ ప్రశ్నకు జవాబు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఆ మార్పు ఎలా జరిగిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. ముల్కీ నియమాలు

హైదరాబాద్ రాజ్యంలో 1919లో ముల్కీ నియమాలు అమలులోకి వచ్చాయి. ఇవి ముఖ్యంగా ప్రభుత్వోద్యోగాలకు సంబంధించినవి. పుట్టుక రీత్యా రాజ్య ప్రజ అయినవారు ముల్కీలు. బయటి నుంచి వచ్చినవారు 15 ఏళ్ళు స్థిరంగా నివసించి, తిరిగి స్వస్థలానికి వెళ్ళే ఆలోచన లేదని ప్రమాణపత్రం ఇస్తే వారూ ముల్కీలే. అంటే, ఆనాటి కొలమానాలు రెండు: పుట్టుక, దీర్ఘకాల నివాసం.

3. ఒప్పందం, ఆందోళనలు

1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఉద్యోగాల గురించే కాక చదువు గురించి కూడా అందులో ఒక హామీ ఉంది. తెలంగాణ కళాశాలల్లో ప్రవేశాలను తెలంగాణ విద్యార్థులకే పరిమితం చేయాలి. లేదా మొత్తం రాష్ట్ర ప్రవేశాల్లో మూడో వంతు వారికి ఇవ్వాలి. ఈ రెండింటిలో వారికి ఏది లాభమైతే అది అమలు చేయాలి.

ఉద్యోగాల్లో రక్షణ కోసం 1957లో పార్లమెంటు చేసిన చట్టంలోని నివాస నిబంధనను 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ ఏడాది జనవరిలోనే మొదలైన తెలంగాణ ఉద్యమానికి విద్యార్థులే ముందు నిలిచారు. 1972 అక్టోబరులో అదే న్యాయస్థానం ముల్కీ నియమాలు చెల్లుతాయని తీర్పు చెప్పడంతో కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. రెండు ఉద్యమాల తరువాత 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటించారు. దాని ఆధారంగా 32వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది.

4. 1974 ఉత్తర్వు: చదివిన ఏళ్ళే కొలమానం

371-డి కింద రాష్ట్రపతి 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై ఉత్తర్వు జారీ చేశారు. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేరిట మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లను ఆయా ప్రాంతాల స్థానికులకు కేటాయించారు. ఆదిలాబాద్ జిల్లాలోని చెన్నూరు ఉస్మానియా ప్రాంతంలోకి వచ్చింది.

అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. అలా కుదరకపోతే, చివరి ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూడాలి. ఆ నాలుగేళ్ళలో కొంతకాలమైనా ఏ విద్యాసంస్థలోనూ చదవనివారు, పరీక్షకు ముందు నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో నివసించినట్లు చూపితే చాలు. దూరవిద్య విద్యార్థులుగా మీరు ఈ చివరి అంశాన్ని ప్రత్యేకంగా గమనించండి. బడి మానేసి, తరువాత ప్రైవేటుగా పరీక్ష రాసినవారిని కూడా ఈ ఉత్తర్వు లెక్కలోకి తీసుకుంది.

ఇక్కడ పుట్టిన ఊరి ప్రస్తావన లేదు. ఈ తేడా ముఖ్యమైనది. ఇండోర్ వైద్య కళాశాలలో బయటి విద్యార్థుల నుంచి అదనపు రుసుము వసూలు చేసిన కేసులో, రాజ్యాంగం నిషేధించింది పుట్టిన చోటును బట్టి చూపే వివక్షనే గాని నివాసాన్ని బట్టి చూపే తేడాను కాదని సుప్రీంకోర్టు 1955లోనే చెప్పింది.

5. ఫీజు, తాతల నివాసం

2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వల్ల స్థానికత ప్రశ్న సీటుతో పాటు ఫీజుకూ ముడిపడింది. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఫాస్ట్ పథకాన్ని ప్రకటించి, 1956 నవంబరు 1 నాటికి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే ఫీజు సాయమని నిర్ణయించింది. దీంతో విద్యార్థి చదివిన ఏళ్ళకు బదులు తాతల నివాసం కొలమానమైంది. కూలి కుటుంబాల్లో 1956 నాటి కాగితం దొరకడం ఎంత కష్టమో ఆలోచించండి. హైకోర్టు అభ్యంతరాలు వ్యక్తం చేసింది. 2015లో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకుంది.

6. ఇటీవలి పరిణామాలు

రాష్ట్ర విభజన చట్టం పాత ప్రవేశ విధానాన్ని పదేళ్ళు కొనసాగించింది. 2024 జూన్‌తో ఆ గడువు ముగిసింది. వైద్య కోర్సుల్లో స్థానికత కోసం అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్ళు తెలంగాణలోనే చదివి, ఆ పరీక్ష ఇక్కడే ఉత్తీర్ణులు కావాలని ప్రభుత్వం జూలైలో నిబంధనను సవరించింది. శాశ్వత నివాసులకు దీన్ని వర్తింపజేయరాదని హైకోర్టు సెప్టెంబరులో చెప్పింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసి, నిబంధనను సమర్థించింది. రాష్ట్రం వెలుపల పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి వెసులుబాటు లభించింది.

7. ముగింపు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రండి. సిరొంచ అమ్మాయి 1974 ఉత్తర్వు ప్రకారమూ, 2024 నిబంధన ప్రకారమూ స్థానికురాలే. చెన్నూరు అమ్మాయి పాత ఏడేళ్ళ లెక్కలో స్థానికురాలు. కొత్త నిబంధనలో కాదు. ముల్కీ కాలంలోనైతే వీరి స్థానాలు తారుమారయ్యేవి. చదివిన ఏళ్ళను లెక్కించడం వంశాన్ని లెక్కించడం కన్నా వలస వచ్చినవారికి న్యాయం చేసింది. అయితే లెక్క మరీ బిగుసుకుంటే, మంచి కళాశాల కోసం రెండేళ్ళు ఊరు దాటిన విద్యార్థి సొంత గడ్డ మీదే స్థానికేతరురాలవుతుంది. రక్షణ కోసం గీసిన ఏ గీతకైనా అవతల ఎవరు మిగిలిపోతున్నారో పరిశీలించడం చరిత్ర విద్యార్థి పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ముల్కీ నియమాలకు, 1974 ఉత్తర్వుకు మధ్య స్థానికత నిర్ణయంలో గల తేడాలను వివరించండి.
2. మీ కుటుంబంలో మూడు తరాలవారు ఎక్కడెక్కడ నివసించారో, చదివారో రాయండి. పై మూడు కొలమానాల్లో ఏది ఎవరిని స్థానికులుగా గుర్తిస్తుందో చర్చించండి.