కోనసీమలో ఋతు అలంకరణ

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠలకూ సముద్రానికీ నడుమనున్న కోనసీమలో పండుగనాడు ఇంటినీ గుడినీ పెరటి ఆకులతో, పూలతో, కాయలతో, వరి కంకులతో సింగారించే ఆచారం. వినాయక చవితి పాలవెల్లి, ధనుర్మాసపు గొబ్బెమ్మలు, సంక్రాంతి వరి కుచ్చులు, కనుమనాటి ప్రభలు ఇందులో ముఖ్యమైనవి.

తూర్పు చాళుక్యుల, రెడ్డిరాజుల నాటి శాసనాలు గుడి దీపాలకు, మాన్యాలకు ఇచ్చిన చోటు ఇంటి గుమ్మానికి ఇవ్వలేదు.

ఈ అలంకరణకు అసలు మలుపు 19వ శతాబ్దిలో వచ్చింది. 1833 కరువు, 1839 కోరంగి తుపాను కుంగదీసిన డెల్టాలో ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. పనివారిని సమకూర్చడంలో వీణెం వీరన్న కుడిభుజంగా నిలిచాడు. వైనతేయ పాయపై 49 ఖానాలతో లేచిన గన్నవరం అక్విడెక్టు రాజోలు వైపు లంకలకూ కాలువ నీరు దాటించింది. ఇటుక, సున్నాలతో కట్టిన ఆ పని నేటికీ అబ్బురమే. సార్వా వరి, కొబ్బరి, అరటి స్థిరపడడంతో అలంకరణకు కావలసిన సరుకంతా వాకిట్లోకే వచ్చింది. గరిక, ఉత్తరేణి, వాకుడు, వావిలి కాలువ గట్ల మీదే దొరుకుతాయి. చవితి పూజకు చెప్పే 21 పత్రుల్లో హిమాలయాల దేవదారు మాత్రం ఈ మట్టికి చిక్కనిది.

పాలవెల్లి అంటే వినాయకుడి ప్రతిమకు పైన వేలాడదీసే కర్ర చట్రం. పసుపు రాసి, బొట్లు పెట్టి, గళ్లకు మామిడాకులు కట్టి, వెలక్కాయ, దానిమ్మ, జామ, సీతాఫలం, మొక్కజొన్న పొత్తు అరటినారతో వేలాడదీస్తారు. నార తడిపి కడితే జారదు. బరువు ఒక పక్కకు ఒరగకుండా కాయకు ఎదురు కాయ చూసుకోవడంలోనే పెద్దవాళ్ల నేర్పు కనిపిస్తుంది.

వరి కుచ్చుకు కంకులను పొడవాటి కాడతో కోస్తారు. నీళ్లు చిలకరించి కాడ మెత్తబడ్డాక జడలా అల్లుతూ, పాయ పాయకూ కొత్త కంకి చేరుస్తారు. వసారా దూలానికో గుడి మండపానికో కడితే పిచ్చుకలు వచ్చి గింజలు ఒలుచుకుంటాయి.

ఈ కళకు పెద్దరూపం ప్రభ, అంటే దేవుడి ఊరేగింపుకు కట్టే ఎత్తైన చట్రం. వెదురు బొంగులు, పోక దబ్బలు తాళ్లతో బిగించి, కొత్త బట్టలు చుట్టి, పూలతో, కంకులతో నింపుతారు. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటకు 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద చేరుతాయి. గంగలకుర్రు ప్రభలు పచ్చటి చేలు తొక్కుతూ, కౌశిక నది దాటి వస్తాయి. తొక్కిన చేనుకు రైతు నొచ్చుకోడు, శుభమనే అనుకుంటాడు. కొత్తపేటలోనూ సంక్రాంతికి ప్రభలు లేస్తాయి. 2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌పై ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థాన్నే (జాతరనే) చూపింది.

ఈ పెరటి సరుకుకు దెబ్బలూ తగిలాయి: 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఇప్పుడు అమలాపురం అంగళ్లలో ప్లాస్టిక్ మామిడాకుల తోరణం ఏడాది పొడవునా దొరుకుతుంది. వాడదు, వాసనా రాదు. గౌతమి అవతల కడియం నర్సరీల బంతి, చామంతి పెరటి పూలకు తోడయ్యాయి. చవితి ముగిశాక పత్రి, పూలు ప్రతిమతోపాటు కాలువలో కలుస్తాయి. పాలవెల్లి చట్రాన్ని మాత్రం కడిగి, ఆరబెట్టి, మరుసటేటికి అటకెక్కిస్తారు.