కొలిమితిత్తి ఊపిరి



శ్రీమద్భాగవతము ద్వితీయస్కంధము మూడవ అధ్యాయములో శౌనకమహర్షి సూతుని ఎదుట ఒక ప్రశ్న ఉంచినాడు. హరికథకు చెవియొగ్గని మనుష్యుని ఊపిరిని ఆయన కొలిమితిత్తి ఊపిరితో పోల్చినాడు. ఈ పోలిక విన్నవారు సాధారణముగా తిత్తిని అల్పవస్తువుగా భావింతురు. మేమును చిన్ననాట అట్లే భావించితిమి. అది ఎంత తొందరపాటో తెలియుటకు మాకు చాలకాలము పట్టినది.

మా పాఠశాల దినములలో ఏటికి పోవు దారిలో, ఊరి చివర, ఒక కొలిమి ఉండెడిది. తొలకరి పడిన మరునాడు మేము స్నానము చేసి తిరిగి వచ్చుచుండగా ఇద్దరు రైతులు నాగటి కర్రులతో అక్కడ నిలిచియుండిరి. తిత్తి లాగు కుఱ్ఱవాడు జ్వరముతో పడియున్నాడట. “చిన్నయ్యగారూ, కర్రు ఎఱ్ఱబడేదాకా నాలుగు మార్లు ఈ తాడు లాగిపెట్టండి” అని కమ్మరి అడిగెను. “మడితో ఉన్నాము, తోలు తాకము” అని మేము ముఖము త్రిప్పుకొని పోతిమి. సాయంకాలమునకు ఈ సంగతి గురువుగారి చెవిని పడినది. ఆయన కోపింపలేదు. “నాయనా, మడిలో ఉంటివి, తాకలేదు, సరే. ముఖమెందుకు త్రిప్పుకొంటివి? ఆ కర్రు దున్నిన చేనిలో పండిన గింజయే కదా నీ జోలెలోని మధూకరము!” అని మాత్రము అనిరి. ఆనాడు మావద్ద సమాధానము లేదు. ఈనాడు తిత్తి చరిత్రమును మీకు విన్నవించుట ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనుటకే.

తిత్తిని సంస్కృతమున భస్త్ర అందురు. దానిని ఊదు క్రియకు ధాతువు ‘ధ్మా’. పాణినీయ ధాతుపాఠము ఈ ధాతువునకు రెండర్థములు చెప్పుచున్నది. ఒకటి శబ్దము, రెండవది అగ్నిసంయోగము. గీత మొదటి అధ్యాయములో వీరులు శంఖములు పూరించిన ఘట్టమున వాడిన క్రియయు, కమ్మరి నిప్పు ఊదు క్రియయు ఈ ఒక్క ధాతువు నుండియే పుట్టినవి. మన శరీరములో రక్తము ప్రవహించు నాళమునకు పేరైన ‘ధమని’ కూడ దీని బిడ్డయే. నిప్పు, నాదము, ప్రాణము అను ఈ మూడు త్రోవలలోనే లోకమున తిత్తి చరిత్రము నడచినది.

మొదటిది నిప్పు. కట్టెల మంట తనంత తానుగా లోహమును లొంగదీయుట కష్టము. రాగి కరగుటకు 1085 డిగ్రీల వేడిమి కావలెను. ఇనుము కరగుటకు 1538 డిగ్రీలు కావలెను. బొగ్గునకు గాలి ఎడతెగక అందిననే వేడిమి అంత పెరుగును. తొలినాళ్ళలో మనుష్యుడు తన నోటితోనే ఊదెను. ఈజిప్టులో సక్కారా వద్ద, నాలుగువేల సంవత్సరములకు పూర్వపు మెరెరూకా సమాధి గోడలపై, కంసాలులు కుంపటి చుట్టును కూర్చుండి గొట్టములతో ఊదుచున్న చిత్రములున్నవి. మన వంటయింటి ఊదుగొట్టము ఆ వంశములోనిదే. తర్వాత క్రీస్తుపూర్వము పదునైదవ శతాబ్దినాటి రెఖ్మిరే సమాధిలో చిత్రము మారినది. అచ్చట పనివారు రెండు తోలుతిత్తులపై నిలిచి ఒకదానిని కాలితో అణచుచు, రెండవదానిని త్రాటితో పైకి లాగుచున్నారు.

దాని నిర్మాణము తేలికయైనది. మేకతోలునో దున్నతోలునో సంచిగా కుట్టుదురు. గాలి వచ్చు ద్వారమునకు లోపలికి మాత్రమే తెరచుకొను మూత ఉండును. ముందు వైపున గాలి వెడలు గొట్టము, దాని కొసకు మట్టిమూతి ఉండును. సంచి ఎత్తగా గాలి నిండును. అణచగా మూత పడి గాలి గొట్టము గుండ నిప్పులోనికి పోవును. తిత్తులు రెండున్నచో ఒకటి పీల్చునపుడు మరియొకటి వదలును. కొలిమికి ఊపిరి తెగదు.

వేదమునకు ఈ పని అల్పముగా తోపలేదు. ఋగ్వేదము పదవ మండలము 72వ సూక్తములో దేవతల ఆవిర్భావమును చెప్పునపుడు ఋషి బ్రహ్మణస్పతిని ఊది అతికించు కమ్మరితో పోల్చెను. సృష్టికర్తకు పోలికగా వచ్చినవాని ఎదుట మేము ముఖము త్రిప్పుకొంటిమి!

ఢిల్లీలో కుతుబ్ ఆవరణలోని ఇనుపస్తంభమును మీలో చాలమంది చూచియుందురు. ఎత్తు ఏడు మీటర్లు దాటును, బరువు ఆరు టన్నులు దాటును. ఇది విష్ణుధ్వజముగా ప్రతిష్ఠింపబడినదని దానిపైనున్న శాసనమే చెప్పుచున్నది. అందలి చంద్రరాజు గుప్తవంశపు రెండవ చంద్రగుప్తుడని చరిత్రకారులు తలతురు. ఇనుప ముద్దలను కాల్చి, ఒకదానిపై ఒకటి కొట్టి అతికి ఆ స్తంభమును చేసిరి. పదునారువందల ఏండ్లుగా అది ఎండవానలకు నిలిచినది. శాసనములో రాజు పేరున్నది, విష్ణువు పేరున్నది. తిత్తి లాగినవాని పేరు లేదు.

మన తెలుగునేలకును ఈ కీర్తి కలదు. నేటి తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కు కొరకు పారసీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. అచ్చటి పనిని చూచి వాయ్‌సీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వ్రాసిన వివరణము 1832లో ముద్రితమైనది. పడమటి దేశములవారు గొప్పగా చెప్పుకొన్న కత్తుల వెనుక ఇట్టి పల్లెకొలిముల ఊపిరి ఉన్నది.

చీనాదేశమున క్రీస్తుశకము 31లో నన్యాంగ్ మండలాధికారి దూషీ ఏటినీటి వేగముతో తిత్తులు ఆడు యంత్రమును ఏర్పరచెను. ప్రజలకు శ్రమ తగ్గి లాభము పెరిగెనని అచ్చటి చరిత్రకారులు ఆయనను కొనియాడిరి. ఇంగ్లండులో 1709లో అబ్రహాం డార్బీ కోకుబొగ్గుతో ఇనుము తీసినపుడును కొలిమికి గాలి ఇచ్చినవి నీటిచక్రము త్రిప్పిన తిత్తులే. 1776లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రము ఆ పనికి పూనుకొన్నది. తోలు పోయి ఇనుపగొట్టము వచ్చినది. ఊదవలసిన అవసరము మాత్రము పోలేదు.

ఇక మన ఆలయమునే చూడుడు. తమిళనాట స్వామిమలై స్థపతులు నేటికిని మధూచ్ఛిష్ట విధానమున ఉత్సవమూర్తులను పోయుచున్నారు. మైనముతో మూర్తిని చేసి, పైన మట్టి పూసి, కాల్చి, మైనము కరగి వెడలిన ఖాళీలో ద్రవలోహమును పోయుదురు. చోళులనాటి మూర్తులును ఇట్లే పుట్టినవి. మనము హారతి కన్నులకద్దుకొను స్వామి రూపము ఒకనాడు కొలిమిలో, గాలి ఊదిన నిప్పుల నడుమ కరగిన లోహమే. గంటయు అంతే, దీపపుసెమ్మెయు అంతే.

రెండవది నాదము. మన వీథిభాగవతములలో శ్రుతి పట్టుటకు మేకతోలుతో చేసిన వాద్యమునకును తిత్తి యనియే పేరు. పాటగాడు ఊపిరి తీసికొనుటకు ఆగినను శ్రుతి ఆగరాదు. అందులకే సంచిలో గాలి నిలువ చేసిరి. క్రైస్తవ దేవాలయములలోని పెద్ద ఆర్గన్ వాద్యమునకు విద్యుత్తు రాకపూర్వము గోడచాటున మనుష్యులు తిత్తులు త్రొక్కెడివారు. 1840ల ప్రారంభమున పారిస్ నగరములో దెబేన్ అనునతడు హార్మోనియము నిర్మించెను. అది కాళ్ళతో త్రొక్కు వాద్యము. కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ దానిని నేలపై కూర్చుండి చేతితో వాయించునట్లు మార్చెను. ఆకాశవాణి 1940లో దానిని నిషేధించినను భజనమందిరములు విడువలేదు. 1971లో ఆ నిషేధము సడలినది. భజనలో హార్మోనియము వెనుక రెక్కను ఆడించు చేతిని ఈసారి గమనింపుడు. అదియు తిత్తియే.

మూడవది ప్రాణము. హఠయోగప్రదీపిక చెప్పిన ఎనిమిది కుంభకములలో భస్త్రిక ఒకటి. కమ్మరి తిత్తివలె వేగముగా రేచకపూరకములు చేయుట దాని లక్షణము. దానిని గురుముఖమున నేర్వవలెనేగాని పుస్తకము చూచి చేయరాదు. ఇతరుల ప్రాణము నిలుపుటకును మనుష్యుడు తిత్తిని ఆశ్రయించెను. పదునెనిమిదవ శతాబ్దిలో ఐరోపాలో నీటమునిగిన వారికి తిత్తులతో గాలి ఊదెడివారు. గాలి మితిమీరిన ఊపిరితిత్తులు పగులునని తెలిసి తర్వాత ఆ పద్ధతిని మానుకొనిరి. ఊపిరి నిచ్చుటకును మితము తెలియవలెను. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో మహమ్మారి ప్రబలి ఎందరో శ్వాస ఆడక మరణించుచుండగా, ఇబ్సెన్ అను వైద్యుడు గొంతులో గొట్టమమర్చి, రబ్బరుసంచిని చేతితో నొక్కి గాలి నిచ్చు మార్గము చూపెను. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్ళు, రోగుల ప్రక్కన కూర్చుండి ఆ సంచులను నొక్కిరి. ఎందరో బ్రతికిరి. ఆ పిల్లలు మా గురువుగారి ప్రశ్నను వినలేదు గాని సమాధానము చెప్పిరి.

మన తెలుగుభాష ఛాతీలోని అవయవమునకు ‘ఊపిరితిత్తి’ అని పేరు పెట్టినది. కొలిమిలో ఒక తిత్తి, మనలో రెండు. భేదమేమి? కొలిమితిత్తి వినలేదు, తలపలేదు. ఐనను పీల్చినదానిలో తనకై ఏమియు దాచుకొనదు. అంతయు నిప్పునకో నాదమునకో ఇచ్చివేయును. మనకు వినుటకు చెవులున్నవి, తలచుటకు మనస్సున్నది. ఉండియు హరిని తలపక, పొరుగువాని పనికి ఒక్క ఊపిరియు ఖర్చు చేయకున్నచో శౌనకుని పోలికలో అవమానము కలుగునది తిత్తికి కాదు.

మేము ఆ ఊరికి మరల పోవునప్పటికి కొలిమి ఉన్నచోట పిచ్చిమొక్కలు మొలచియున్నవి. ఆనాడు లాగని నాలుగు మార్లు ఇక లాగలేము. అందుచేత మీకొక్క విన్నపము. ఈ ప్రాంగణములో గంట మ్రోగినపుడు దానిని పోసినవానిని ఒక్కసారి తలచుకొనుడు. దారిలో ఎవరైన చేయి అడిగినపుడు, ఇవ్వగలిగిన ఇండు. ఇవ్వలేనిచో ముఖమైనను త్రిప్పుకొనకుడు.

స్వస్తి.